తేడా ఎక్కడొచ్చింది?

ఈ శీర్షికలో పాసుపుస్తకాలూ డిపాజిట్లూ తప్ప మరొకటి రాయడం నాకు చేతకాదని మా ఆవిడ అంటూ ఉంటుంది. ఈసారి ఇంజన్ ఆయిల్ గురించి రాస్తున్నాను. బి.కాం. చదివినవాడికి ఇంజన్‌తో ఏం పని అంటారా? లెక్క తేలకపోవడం వల్లే అక్కడికీ వెళ్లాల్సి వచ్చింది.

హోసూరులో మా బావమరిదికి ఒక టోయింగ్ బండి ఉంది. పాత డీజిల్ లారీకి వెనక ఇనుప చెయ్యి బిగించిన రకం. కృష్ణగిరి రోడ్డులో, అంటే పాత 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారిలో, ఆగిపోయిన కార్ల ముందు చక్రాలు పైకెత్తి లాక్కొస్తుంది. కిందటి వేసవి నుంచి ఆ బండిలో ఆయిల్ తగ్గడం మొదలైంది. ఒక వారం చుక్క తగ్గదు. మరో వారం లీటరు పోయాలి. షెడ్డులో రాత్రంతా కింద అట్ట పరిచి ఉంచినా తెల్లారి ఒక్క మరక కనిపించదు. పొగలో నీలిరంగూ లేదు, అంటే ఇంజన్ లోపల ఆయిల్ మండిపోతోందనీ అనుకోలేం.

“కారితే కింద పడాలి కదా బావా! పడలేదంటే డబ్బాలోంచే పోతా ఉంది” అన్నాడు మావాడు. ఆరేళ్లుగా నమ్మకంగా ఉన్న డ్రైవరు జీతంలో రెండు లీటర్ల డబ్బు పట్టేశాడు. “ఎత్తు ఎక్కేటప్పుడు కారతా ఉంది సార్, నేను చూసినాను” అని ఆ డ్రైవరు నా దగ్గర మొర పెట్టుకున్నాడు. నేను చేసిన మొదటి పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆయిల్ కొన్న బిల్లులు తెమ్మన్నాను. ముప్పై ఏళ్ల బ్యాంకు అలవాటు మరి. బిల్లులన్నీ సరిగానే ఉన్నాయి.

మెకానిక్ బండి కిందికి దూరి, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట తడి చూపించాడు. వెనక ఆయిల్ సీల్ పోయి ఉంటుంది, గేర్‌బాక్సు దించాలి, పద్నాలుగు వేలవుతుంది అన్నాడు. ఆ నెల లోను వాయిదా కట్టడానికే మావాడు తంటాలు పడుతున్నాడు. మూడు వారాలు ఆగమన్నాను.

బ్యాంకులో రోజూ వచ్చే తేడాకు మేం భయపడం, ఒక పూటలో దొరికిపోతుంది. అప్పుడప్పుడూ వచ్చి మాయమయ్యే తేడాయే నిద్ర పట్టనివ్వదు. అలాంటప్పుడు తేడా వచ్చిన రోజులనీ రాని రోజులనీ పక్కపక్కన పెట్టి చూడాలి. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీశాను: తేదీ, ఎక్కడికి వెళ్లింది, బరువుందా ఖాళీనా, ఆయిల్ ఎంత. రోజూ పొద్దున్నే, బ్యాంకుకు వెళ్లేముందు, సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ స్టార్ట్ చేయకముందే నేనే కొలిచి రాసేవాణ్ణి. అంతవరకూ మావాడు బంకులో ఇంజన్ ఆపీ ఆపకముందే గీత చూసేవాడు. పైనున్న ఆయిల్ కిందికి దిగకముందు చూస్తే తక్కువే కనబడుతుంది. సగం గొడవ దాంతోనే వచ్చింది.

పదకొండు ట్రిప్పులయ్యాయి. ఖాళీగా వెళ్లినప్పుడు తేడా లేదు. హోసూరు నుంచి కారును కృష్ణగిరికి దింపి వచ్చినప్పుడూ లేదు. కృష్ణగిరి వైపు నుంచి కారును లాగుతూ పైకి ఎక్కి వచ్చిన నాలుగుసార్లూ ఉంది. డ్రైవరు మొదటిరోజు చెప్పిందీ అదే.

పుస్తకం చూపించగానే మెకానిక్ తన మాట తానే మార్చుకున్నాడు. అందుకు అతన్ని మెచ్చుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ముందుభాగం పైకి లేస్తుంది, వెనక కారు వేలాడుతుంటే బండి తోక ఇంకాస్త కుంగుతుంది. టాపెట్ కవర్ కింద ఉండే ఆయిల్ వెనక మూలకు చేరుతుంది. పైగా బరువు లాగేటప్పుడు పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే గాలి ఎక్కువవుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. అది మూసుకుంటే గాలి ఆయిల్‌ని దొరికిన సందులోంచి బయటికి తోస్తుంది. షెడ్డులో ఊరికే తిరిగే ఇంజన్‌కు ఏటవాలూ లేదు, బరువూ లేదు.

ఆదివారం ఇంజన్‌ని డీజిల్‌తో తుడిచి, కడిగి, ఆరబెట్టి, చల్లారిన ఇంజన్ వెనకవైపంతా పౌడరు చల్లాం. మా చెల్లెమ్మ పౌడరు డబ్బా సగమైపోయింది, ఆవిడ ఇప్పటికీ అంటుంది. మావాడి కారునే వెనక తగిలించి కృష్ణగిరి దాకా వెళ్లి, తిరుగుదారిలో శూలగిరి దగ్గర ఆపాం. తెల్లటి పౌడరులో నల్లటి దారి ఒక్కటే కనిపించింది. టాపెట్ కవర్ వెనక మూలలో మొదలై, గోడమీది వానచారలా దిగి, గేర్‌బాక్సు కలిసేచోట ఆగింది. తడి కనిపించినచోటు కాదు, తడిసినవాటిలో అన్నిటికంటే పైనున్న చోటు చూడాలట. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే గాలి బుసబుసమని తోసింది. బ్రీదర్ పైపు లోపలిపొర ఉబ్బి, నల్లటి మడ్డితో నిండి ఉంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త దారి ఇచ్చేది, వేడెక్కితే మెత్తబడి అతుక్కుపోయేది.

పైపూ ప్యాకింగూ మార్చాం. కూలితో కలిపి తొమ్మిది వందలు దాటలేదు. కొత్త పైపుతో గాలి తోపుడు తగ్గింది. తగ్గకపోయి ఉంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం, అప్పుడు ఇంజనే విప్పాలి. ఒక విషయం భయపెట్టింది. ఆ ఆయిల్ దారికి జానెడు దూరంలోనే వేడి సైలెన్సర్ గొట్టం పోతోంది.

పట్టుకున్న జీతం మావాడు కవరులో పెట్టి ఇచ్చాడు. ఏమీ అనలేదు, అనడం అతనికి రాదు. డ్రైవరు కవరు విప్పి, మా ఎదుటే లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, “ఆ పుస్తకం ఇట్లియ్యండి సార్, ఇంక నేనే రాస్తాను” అన్నాడు.