యాప్‌కి పేటెంట్ ఇస్తారా అన్నా?

నల్లమాడలో మోటార్లు రిపేరు చేసే మా చిన్నాన్న కొడుకు, స్టార్టర్ డబ్బాలో పెట్టే చిన్న బోర్డు ఒకటి చేశాడు. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తినే తిరిగితే ఆపేస్తుంది. నీళ్లు మళ్లీ ఊరడానికి ఆ బోరుకి ఎంతసేపు పడుతుందో రోజూ లెక్కగట్టి, ఆ టైముకి ఆన్ చేస్తుంది. మా వైపు శనక్కాయ ఊడలు దిగే టైములో మోటారు కాలిందంటే ఆ ఏడాది అప్పే మిగిలేది. "అన్నా, దీనికి పేటెంట్ వస్తుందా?" అన్నాడు.

(చెన్నై పేటెంట్ ఆఫీసులో అప్లికేషన్ వేశాకే ఇది రాస్తున్నా. ముందే బయటపెడితే కొత్తదనం పోతుంది.)

ఎగ్జామినర్ చదివేది యాప్‌ని కాదు, క్లెయిముల్ని. క్లెయిమ్ అంటే పొలానికి హద్దురాయి లాంటిది: ఇంతవరకు నాది అని చెప్పడం. ఆ హద్దు 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3లోకి వెళ్లిందా అని చూస్తారు. ఆ సెక్షన్‌లో ఉన్నవి చట్టం దృష్టిలో అసలు ఆవిష్కరణలే కావు.

మావాడి మొదటి డ్రాఫ్టులో 'నీళ్లు ఊరే సమయం లెక్కించే పద్ధతి' అని ఉంది. అది ఉత్త లెక్క. గణిత పద్ధతులు, అల్గారిదమ్‌లు, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాములు 3(కె) కిందికి పోతాయి. రెండోది 'శనక్కాయకు తడులిచ్చే పద్ధతి'. వ్యవసాయ పద్ధతులకు 3(హెచ్) అడ్డం. 'ప్రాసెసర్, మెమరీ' అని రెండు మాటలు అతికిస్తే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. ఎగ్జామినర్ మాటల్ని కాదు, సారాన్ని చూస్తాడు.

మరి దారి ఏది? చట్టంలో 'పర్ సే' అనే చిన్న మాట ఉంది. అంటే ప్రోగ్రామ్ ఒక్కటే అయితే కుదరదని. ఫెరీద్ అల్లానీ కేసులో 2019 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ మాటనే పట్టుకుంది. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లలో కూడా ప్రోగ్రాములుంటాయి, అంతమాత్రాన కాదనలేం, సాంకేతిక ఫలితం ఉందా చూడండి అంది. ఆయన అప్లికేషన్ వేసింది 2002లో!

అందుకే మూడో డ్రాఫ్టు మోటారు దగ్గర మొదలుపెట్టాం: కరెంటు తగ్గడాన్ని పట్టే సెన్సర్, దాన్నిబట్టి ఆపి, ఊరాక నడిపే బోర్డు, కాలకుండా మిగిలే మోటారు. కోడ్ అదే, హద్దు మారింది.

చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం లాంటివాటికి ఈ గేటు దగ్గర తిప్పలుండవు, యంత్రం కళ్లెదుటే కనబడుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకే ఈ గోల.

ఈ గేటు దాటినా పని అయిపోదు. నీళ్లు లేకపోతే మోటారు ఆపే పరికరాలు మార్కెట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. కొత్తదనం నిలిస్తే ఆ ఊరే టైము దగ్గరే నిలవాలి. ఎగ్జామినర్ అభ్యంతరాలు వచ్చాక అక్కడే అసలు వాదన. మావాడు అప్పుడే రెండో బోర్డు సోల్డరింగ్ మొదలెట్టాడు.