రాహుకాలంలో దిగిన నౌక

అంతరిక్షంలోకి ఎగరడం గురించి మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. దిగడం గురించి పెద్దగా మాట్లాడరు. హేతువాదం నేర్పడానికి మాత్రం దిగడమే మంచి పాఠం అంటాను. ఎందుకో చెబుతాను.

మా గోడాదరాలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని కోసం సూరత్ వచ్చి స్థిరపడ్డవాళ్లు. వాళ్ల పిల్లల్లో కొందరికి ఆర్బిటర్ అనే సిమ్యులేటర్ పిచ్చి పట్టుకుంది. మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన ఈ ఉచిత ప్రోగ్రాంలో నౌకలు న్యూటన్ సూత్రాల ప్రకారమే కదులుతాయి. భూమి మీదికి దిగాలంటే నౌకను వెనక్కి తిప్పి, ఇంజన్ మండించి వేగం కొంచెం తగ్గించాలి. తక్కువ మండిస్తే నౌక పల్చటి గాలిలో జారుకుంటూ, దిగాల్సిన చోటు దాటిపోతుంది. ఎక్కువ మండిస్తే ఏటవాలుగా వచ్చి దట్టమైన గాలిని గుద్దుకుంటుంది.

ఒక పిల్లవాడి నౌక గురి తప్పి సముద్రంలో పడితే, చూస్తున్న తండ్రి "రాహుకాలంలో మొదలుపెడితే అంతే సార్" అన్నారు. ఆటలో ఆ మాటవల్ల నష్టం లేదు. కానీ జ్వరంతో కాలిపోతున్న పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి కూడా "రాహుకాలం పోనీ" అని ఆగే ఇళ్లు నాకు తెలుసు.

సిమ్యులేటర్‌లో ఒక సౌకర్యం ఉంది. ఒక స్థితిని దాచుకుని, అక్కడినుంచే ఎన్నిసార్లయినా మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆ పిల్లవాడు ఇంజన్ మండించే సెకన్లు మాత్రమే మారుస్తూ మళ్లీ మళ్లీ దించాడు. సెకన్లు మారితే దిగే చోటు మారింది. గోడ గడియారంలో టైము మారితే ఏమీ మారలేదు.

అప్పుడు ఆ తండ్రి మంచి ప్రశ్న వేశారు: "ప్రోగ్రాం రాసినాయన అందులో రాహువును పెట్టలేదు కదా సార్?" నిజమే. పెట్టనిది కనిపించదు. కాబట్టి సిమ్యులేటర్ ఒక్కటే రుజువు కాదు. రాహువు లేని లెక్క నిజమైన ఆకాశంలో నిలబడిందా అన్నదే అసలు పరీక్ష.

నిలబడింది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి7 మోసుకెళ్లిన 550 కిలోల ఎస్ఆర్ఈ-1 నౌకను ఇస్రో జనవరి 22న దించింది. ఉదయం 8.42కి నౌకను తిప్పడం మొదలుపెట్టారు. 9.00 నుంచి 9.10 దాకా ఇంజన్ మండించారు. 9.37కి 100 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో అది గాలిలోకి ప్రవేశించింది. 9.46కి శ్రీహరికోటకు తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో దిగింది.

ఆ వేగంలో ఉన్న శక్తి లెక్కగడితే సుమారు 4,900 యూనిట్ల కరెంటు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి రెండేళ్లు సరిపోతుంది. అదంతా తొమ్మిది నిమిషాల్లో ఖర్చు కావాలి. నౌక ముందు గాలి నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కింది. కార్బన్ ఫినాలిక్ పూత, సిలికా పలకలు ఆ వేడిని కాచుకున్నాయి. తర్వాత పారాచూట్లు తెరుచుకుని, నీటిని తాకేసరికి వేగం సెకనుకు 12 మీటర్లకు దిగింది.

ఇప్పుడు పంచాంగం చూడండి. ఆ రోజు సోమవారం. సోమవారం రాహుకాలం ఉదయం 7.30 నుంచి 9.00 దాకా. నౌకను తిప్పడం మొదలైంది అందులోనే. సూర్యోదయాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతిలో చూస్తే ఇంజన్ మండిన పది నిమిషాలూ అందులోనే పడతాయి.

ఈ ఒక్క ఉదాహరణతో రాహుకాలం మంచిదని నేను చెప్పను. అలా చెబితే నేనూ జ్యోతిష్కుడినే అవుతాను. వైఫల్యాలూ చూడాలి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగివస్తూ విచ్ఛిన్నమై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. దర్యాప్తు సంఘం గ్రహస్థితిని వెతకలేదు, ఎడమ రెక్క అంచును వెతికింది. ప్రయోగ సమయంలో ఊడిన నురుగు ముక్క అక్కడ తగిలింది. అలాంటి ముక్కనే రెక్క అంచు పలక మీదికి పేల్చి, రంధ్రం పడటం కళ్లారా చూశారు. సిమ్యులేటర్‌కయినా ఆ రంధ్రం గురించి మనం చెబితేనే తెలుస్తుంది. అందుకే లెక్కతోపాటు పరిశీలన కూడా కావాలి.

రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి. రాహుకాలం నమ్మేవారిని నేను అడిగేది ఒక్కటే. నాలుగు గడులు గీయండి. రాహుకాలంలో మొదలై గెలిచినవి, ఓడినవి. మంచి వేళలో మొదలై గెలిచినవి, ఓడినవి. ఏడాదిపాటు నాలుగూ నింపండి. ఒక్క గడే నింపి తెచ్చేదాన్ని పద్దు అనరు. పద్దు తేలేదాకా జ్వరం వచ్చిన పిల్లను మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.