చాటింపు కూలివాడ దాకా రావాలె

గ్రామసభ ఎప్పుడు జరిగిందో తమకు ఎరుకలేదని, తీర్మానం పుస్తకంలో మాత్రం తమ వేలిముద్రలున్నాయని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కూలీలు మాతో ఎన్నోసార్లు చెప్పారు. పంచాయతీ ఆఫీసు గోడకు ఒక కాగితం అంటిస్తారు. చదువురాని వారికి, పొద్దు పొడవక ముందే పనికి పోయేవారికి ఆ కాగితం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

గ్రామసభ ఎవరో దయతలిచి పెట్టేది కాదు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. దొరకెంత హక్కో జీతగానికీ అంతే. కనీసం రెండు నెలలకొకసారి సభ జరపాలని 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం అంటున్నది. ఆదిలాబాద్ ఏజెన్సీలో 1996 పెసా చట్టం ప్రకారం గూడెం కూడా ఒక గ్రామమే కావచ్చు, దానికి సొంత గ్రామసభ ఉండవచ్చు. పేదల పథకాలకు అర్హులను గుర్తించే పని ఆ సభదే.

మరి చాటింపు అందకపోతే పోయేదేమిటి? 2025 జనవరి 21 నుండి 24 దాకా రాష్ట్రమంతటా గ్రామసభలు జరిగాయి. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇండ్లు, భూమిలేని కూలీలకు ఏటా 12,000 రూపాయల ఆత్మీయ భరోసా జాబితాలు ఆ సభల ముందుకు వచ్చాయి. అవి యాసంగి నాట్ల రోజులు. మడిలో వంగి నాటేసే ఆడకూలీ పగటి సభకు ఎట్లా వస్తుంది? రాకపోతే జాబితాలో తన పేరు లేదని ఎవరు అడుగుతారు? కూలి పోగొట్టుకొని హక్కు అడుగుమనడం న్యాయమా?

అందుకే మేము అడిగేది ఇంతే. సభ తేదీ, వేళ, చర్చించే విషయాలు ముందుగానే రాసి పెట్టాలె. దళితవాడలో, ప్రతి గూడెంలో రెండు పొద్దులు డప్పు చాటించాలె. గోండు గూడెంలో గోండి మాటలోనే చెప్పాలె. పనుల కాలంలో సభ సాయంత్రమే పెట్టాలె. తీర్మానం చదివి వినిపించినాకనే సంతకం తీసుకోవాలె.

2025 డిసెంబరులో పంచాయతీలకు కొత్త సర్పంచులు ఎన్నికయ్యారు. ఓటు కోసం వాడవాడకూ వచ్చినోళ్లకు చాటింపు కోసం రావడం బరువు కాదు. కూలన్నలారా, కూలక్కలారా! ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి. మళ్లీ సభ ఎప్పుడని పదిమంది కలిసి రాతపూర్వకంగా అడగండి. చాటింపు లేని సభను సభగా ఒప్పుకోకండి.