పల్లె బడిని దేనితో కట్టవలెను?

గుంటూరు, ప్రకాశము మైదానములలో ఇల్లు కట్టినవారి కెల్ల ఒక సత్యము తెలియును. నల్లరేగడి వానకు ఉబ్బును. ఎండకు ముడుచుకొని చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ప్రత్తిని, మిరపను పండించి మన కన్నము పెట్టు నేలయే గోడను నిలువున చీల్చివేయును. ఈ నేలపై పిల్లలకు బడి కట్టునపుడు దాని స్వభావమును విచారింపక, ఎచ్చటనో గీచిన ఒకే పటమును సముద్రతీరపు టిసుకకును, పలనాటి రేగడికిని సమముగా వర్తింపజేసినచో ఫలమేమగునో పాఠకులే యూహింపగలరు. బడి కట్టుట ధనముతో మాత్రమే తీరు పని కాదని, నేలను, ఎండను, ఊరివారి చేతులను ఎరిగి చేయవలసిన పని యని విన్నవించుటయే మా యుద్దేశము.

ఈ ప్రాంతమునకు ఇది క్రొత్త పాఠము కాదు. 1921వ సంవత్సరపు వేసవిలో నాటి గుంటూరు జిల్లాలోని చీరాల-పేరాల ప్రజలు పురపాలక పన్నుల భారమును నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి ఊరి వెలుపలికి తరలిపోయిరి. వేలకొలది జనులు పాకలు, పందిళ్లు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, సుమారు పదునొకండు నెలలు నివసించిరి. చీరాలలో ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పి జాతీయవిద్యకు పాటుపడినవారును ఆ గోపాలకృష్ణయ్యగారే. ఒక ఊరు ఊరే తన చేతులతో నిలువనీడ కల్పించుకొనగలదని ఆ సంవత్సరము ఋజువైనది. 1936లో సేవాగ్రామమున గాంధీమహాత్ముని కుటీరము చుట్టుపట్ల దొరకు మట్టితో, వెదురుతో లేచినది. మరుసటి సంవత్సరము వార్ధాలో చేతిపని విద్యకు మూలమని పెద్దలు తీర్మానించిరి. పిల్లవానికి చేతిపని నేర్పవలసిన బడి తానే పరాయిచేతి పని యగుట వింతగాదా?

మన చేతనున్న సామగ్రి యెట్టిదో చూతము. మాచర్ల ప్రాంతమున నాపరాయి గలదు. పలనాటి ఇండ్లకు నేలయు, గోడయు, పైకప్పుగూడ నాపరాతితోనే వేసిన సంప్రదాయమున్నది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలను ఎరుగనివారు లేరు. చీమకుర్తి గనులచెంత విదేశములకు పనికిరావని త్రోసివేసిన తునుకరాళ్లు గుట్టలు పడియున్నవి. అవి పునాదులకు కావలసినంత. గానుగలో నూరిన సున్నముతో కట్టిన గోడ, దళసరి మిద్దె, దానిపై తెల్లని సున్నపు పూత, దక్షిణమున, పడమట లోతైన వసారా, ఎదురెదురు కిటికీలు, ముంగిట వేపచెట్టు – వీనితో రెంటచింతల యెండలకైనను గది కొంత చల్లబడును. ఎండకు కాగిన పలుచని సిమెంటు కప్పుక్రింద మధ్యాహ్నము లెక్కలు చెప్పిచూచిన ఉపాధ్యాయునికి దీని విలువ తెలియును. మిద్దెపై పడు వాననీటిని తొట్టిలో నిలుపుకొన్నచో, ఫ్లోరైడు నీటితో బాధపడు కనిగిరి ప్రాంతపు పిల్లలకు అది ప్రాణమిచ్చుటయే యగును.

సిమెంటు వాడరాదని మేమనము. ప్రపంచమున మనుష్యులు వెలువరించు బొగ్గుపులుసు వాయువులో ఇంచుమించు నూటికి ఎనిమిది పాళ్లు సిమెంటు పరిశ్రమనుండియే వచ్చుచున్నది. సున్నపు బట్టీయు నిర్దోషి కాదు. కాని అది తక్కువ వేడిమితో కాలును, గోడలో గట్టిపడునపుడు ఆ వాయువునే కొంత తిరిగి పీల్చుకొనును. కాల్చని రాయి అన్నిటికన్న మేలు. కాబట్టి సిమెంటును అవసరమైనచోటనే, కొలచి వాడవలెనని మా మాట. రేగడిలో పునాదికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిన, అడుగున ఉబ్బుగల పొట్టి స్తంభములు అట్టిచోటు.

ఊరి సామగ్రి యనగానే గడ్డికప్పును తలచువారు గలరు. వారి భయము నిరాధారము కాదు. 2004 జూలై 16న కుంభకోణములో ఒక పాఠశాల పాకకప్పు అంటుకొని 94 మంది పసిపిల్లలు మాడిపోయిరి. ఆ దినమును మరచి తాటియాకు కప్పును ప్రశంసించువాడు పిల్లల మేలు కోరువాడు కాడు. రామనగరపు పాకలు త్యాగమునకు గుర్తులు; తరగతి గదులకు మాదిరి కావు. అట్లే 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున భూమి కంపించినది. బరువైన రాతిగోడను కట్టువారు కిటికీల పైమట్టమున గోడ చుట్టును ఇనుము గల సిమెంటు పట్టీని వేసి తీరవలెను. తాతలు వాడినదెల్ల మంచిదనుటయు, పట్టణమునుండి వచ్చినదెల్ల మంచిదనుటయు ఒకే అవివేకమునకు రెండు ముఖములు.

ఇక ముఖ్యవిషయము. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన మనబడి నాడు-నేడు పథకపు తొలివిడతలో 15,715 పాఠశాలలను చేపట్టి, పనుల నిర్వహణను తల్లిదండ్రుల సంఘముల కప్పగించిరి. ఆ పథకపు గుణదోషములెట్టివైనను ఈ సూత్రము మంచిది. ఐనను వ్రాలు చేయు అధికారము వేరు, ఆలోచించు అధికారము వేరు. న్యాయస్థానములలో తిరుగువారము గనుక చెప్పుచున్నాము: చదువని కాగితముపై పెట్టిన వ్రేలిముద్ర పెట్టినవానికి బలము కాదు, బంధము. ఏ రాయి, ఏ సున్నము, ఎంత లోతు పునాది యని నిర్ణయించునాడు ఊరిలోని తాపీమేస్త్రిని, రాతిపనివారిని, బడిపంతులును, పిల్లల తల్లులను కూర్చుండబెట్టి అడిగినపుడే ఆ సంఘము సంఘమగును. ఇంజనీరు వారికి బోధకుడు కావలెను గాని యజమాని కారాదు.

లాభము కప్పుతోనే తీరదు. ప్రత్తితీతలో, మిరపకోతలో తల్లిదండ్రులవెంట చేలకు పోయి బడి మానిన పిల్లలెందరో గలరు. కోతలు ముగిసిన వెనుక కూలి దొరకని దినములలో బడిపని సాగినచో ఆ తల్లిదండ్రులకే కూలి దొరకును. తాము మోసిన రాయిగల గోడలోపల తమ బిడ్డ కూర్చున్నాడా లేదా యని వారే విచారింతురు. పైగా గోడ బీటవారిననాడు కాంట్రాక్టరుకై ఎదురుచూడక, సున్నము కలుపనేర్చిన చేయి ఊరిలోనే యుండును. సున్నపుగోడ మెల్లగా గట్టిపడునది. తొందరపాటు దానికి గిట్టదు. సున్నమును ముందే తడిపి నాననిచ్చి, కట్టిన గోడను తడిగోనెలతో కాపాడవలెను. ఆర్థిక సంవత్సరము ముగియులోపల డబ్బు ఖర్చుపెట్టవలెనను ఆతురత ఈ ఓర్పునకు శత్రువు.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు పట్టణవాసులలో పలువురికి పల్లెలో పుట్టినయిల్లు గలదు. బడికి విరాళముగ ఒక పంకాయో, శిలాఫలకమో ఇచ్చుట సులభము. అంతకంటె ఒకమారు ఊరికిపోయి, సంఘపు సభలో కూర్చుండి, అంచనా కాగితమును ఊరివారికి తెలుగున చదివి వినిపింపుడు. ఏ ప్రశ్న అడుగవలెనో వారికే తోచును.