ఐదు రూపాయల ప్యాకెట్ వెనక ఎవరున్నారు?



మేడ్చల్‌లోనైనా, శామీర్‌పేటలోనైనా ఏ కిరాణా కొట్టు చూసినా ఐదు, పది రూపాయల చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లెక్క వేలాడుతుంటయ్. చదువుకో, కంపెనీ పనికో ఊరిడిచి వచ్చిన మన పిల్లలకు చాలాసార్లు అదే టిఫిన్. "జొన్న గటక మరిచి చిప్స్‌కు మరిగిన్రు" అని వాళ్లను తిట్టడం తేలిక. కానీ ఒక్కసారి ఆ ప్యాకెట్ తిప్పి చూడండి. ఉప్పు, చక్కెర, కొవ్వు లెక్క వెనకవైపు ఇంగ్లీషులో, చీమల బారులెక్క ఉంటది. అది అట్ల ఉండటం ఒక రాజకీయ నిర్ణయం.

ఇవి మోతాదు మించితే ప్యాకెట్ మీద ఎరుపు రంగులో చూపాలని 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముసాయిదా తెచ్చింది. కంపెనీలు అడ్డుపడ్డయ్, ముసాయిదా ఆగింది. సమీక్షకు ముగ్గురి కమిటీ వేశారు. దాని పెద్ద ఎవరు? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మాజీ డైరెక్టర్. ఆయన నెస్లేకు సలహాదారుగా పనిచేశారని, ఇల్సీ అనే సంస్థకు ట్రస్టీ అని 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ ఇల్సీని 1978లో మొదలుపెట్టింది కోకాకోలా ఉన్నతాధికారి.

2022లో కొత్త ముసాయిదా వచ్చింది. ఎరుపు పోయి స్టార్లు వచ్చినయ్. చక్కెర ఎక్కువున్న సరుకులో కూడా కాస్త పీచో, గింజలో కలిపితే మార్కులు పెరుగుతయ్. హెచ్చరించాల్సిన చోట మెచ్చుకోవడమన్నమాట!

వేరే దారి లేదా? ఉంది. చిలీ దేశం 2016 నుంచి ఇలాంటి ప్యాకెట్ల ముందువైపే నల్లటి హెచ్చరిక గుర్తు వేయిస్తోంది, బడుల్లో వాటి అమ్మకం ఆపింది. ఆ చట్టం వచ్చాక అక్కడ తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు 24 శాతం తగ్గినయ్.

మన చేతిలోనూ ఒక నిబంధన ఉంది. 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల ఇలాంటి ప్యాకెట్ తిండి పిల్లలకు అమ్మొద్దు. మీ బడి గేటు ముందు కొలవండి. జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి దరఖాస్తు పెట్టండి. చిన్న కొట్టాయనతో కొట్లాట వద్దు, ఆయనా మనలాంటోడే.

అడవి గురించి తేల్చే కమిటీలో మనోళ్లు ఉండాలని అడుగుతున్నం. తిండి గురించి తేల్చే కమిటీలో కంపెనీలోళ్లు ఉండొద్దని కూడా అడుగుదాం.