లారీ డ్రైవరు పని గంటలు రాసేదెవరు?

రాత్రింబవళ్లు ధాన్యం లోడులు మోసే లారీ డ్రైవర్లకూ పని గంటల పరిమితి ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్నది. 5 గంటలు పనిచేశాక అరగంట విశ్రాంతి తప్పనిసరి చేసింది. పని వేళలు ముందుగా నిర్ణయించి నమోదు చేయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షను అధికారులకు ఇచ్చింది.

చిక్కల్లా అమలులోనే. 1961 చట్టం అయిదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకు వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక భద్రత కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. మరి ఒకటి రెండు లారీలున్న ఆసామి దగ్గర పనిచేసే డ్రైవరు సంగతేమిటి? పైగా అతనికి ముట్టేది గంటల లెక్కన కాదు, ట్రిప్పు లెక్కన. త్వరగా లోడు దించితేనే ఇంకో కిరాయి. క్లీనరైనా లేని బండిలో నిద్రను టీ నీళ్లతో ఆపుకోవలసిందే.

పుస్తకంలో ఎనిమిది గంటలని ఎవరైనా రాసుకోవచ్చు. బండి ఏ టోల్‌గేటు ఎన్నింటికి దాటిందో ఫాస్టాగ్ లెక్కలో ఉంటుంది. తనిఖీకి వచ్చేవారు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.