కెమెరా చెప్పిన సాక్ష్యం

హైదరాబాద్ నడిబొడ్డున నెమలి కూస్తుందంటే పల్లెల్లో పెద్దలు నవ్వి ఊరుకుంటారు. కానీ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మేడల మధ్య కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంలో నెమళ్లే కాదు, ముళ్లపందులూ ఉన్నాయి. విజయవాడ రోడ్డున బస్సులో పోయేవారికి పక్కనే వనస్థలిపురం హరిణ వనస్థలి. అక్కడ కృష్ణజింకలు మేస్తాయి. ఈ చోట్లను ఫోటోలు తీయడం ఏ పనీ లేని పట్నం కుర్రాళ్ల సరదా అని కొందరి చులకన. అది సరికాదు.

2025 మార్చి నెలాఖరున రంగారెడ్డి జిల్లా కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను చదును చేయడానికి బుల్డోజర్లు దిగాయి. అది వట్టి బంజరేనని ఒకవైపు వాదన. హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అక్కడి పక్షులు, జింకల ఫోటోలు బయట పెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. హైకోర్టు రిజిస్ట్రార్‌ను స్వయంగా చూసి రమ్మంది. ఆయన పంపిన నివేదికలోనూ ఫోటోలున్నాయి. సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని అందులో తేలింది.

అయితే అదే సమయంలో కంప్యూటర్ కల్పించిన దొంగ బొమ్మలూ ఊరంతా తిరిగాయి. ఒక్క దొంగ బొమ్మ పది నిజం ఫోటోలను అనుమానం పాలు చేస్తుంది. కనుక ఏ తేదీన, ఏ చోట తీసిందో రాసి పెట్టిన ఫోటోకే విలువ. అందంగా రాకపోయినా ఫరవాలేదు.

ఫోటో కోసం గూళ్ల దగ్గరకు ఎగబడేవారినీ సమర్థించలేము. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూటిని కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. తుపాకీ లేదు గదా అంటే చెల్లదు.

బ్రహ్మానందరెడ్డి వనం చుట్టూ రక్షణ వలయాన్ని 2020లో కొన్నిచోట్ల 3 మీటర్లకు కుదించారు. ఎద్దులు కట్టిన బండి అడ్డంగా నిలిపితే అంత చోటూ చాలదు! అడవికి ఇది కంచె అని ఎలా అనుకున్నారో ఏలినవారికే తెలియాలి. వనం చుట్టూ ఉన్న చెట్లను వరుసగా ఫోటో తీసి ఉంచితే, రేపు రోడ్డు పనుల్లో ఎన్ని పోయాయో లెక్క అడగవచ్చు.

కంచలు, గుట్టలు, చెరువు శిఖం భూములు మన ఊళ్లలోనూ ఉన్నాయి. కంచ గచ్చిబౌలి కూడా ఒకప్పుడు అటువంటిదే. ఇప్పుడు ఇంటింటా ఫోను కెమెరా ఉంది. పెళ్లికి, పబ్బానికి తీసుకునేవారు ఊరి కంచను కూడా వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి తీసి, తేదీ వేసి పంచాయతీ ఆఫీసులో ఒక ప్రతి ఉంచాలి. సర్పంచులు, అటవీ సిబ్బంది ఇందుకు పూనుకోవాలి. గుట్టకు క్వారీ లీజు అడిగే అర్జీ వచ్చిన రోజున ఆ ప్రతిని గ్రామసభ ముందు పెట్టాలి.